గోడ మింగిన కొస

నీ కుడి కాలు ఒక వాసం మీద, ఎడమ కాలు ఇంకో వాసం మీద. మధ్యలో నాలుగడుగుల ఖాళీ. ఆ ఖాళీలోంచి కిందికి చూస్తే మామ తలకు చుట్టిన తువ్వాలు, ఆయన కాళ్ల పక్కన పొయ్యి గొట్టాలు. పైకి చూస్తే ఆకు తప్ప ఏమీ లేదు.

"అందుకో," అంటాడు మామ.

వంగి అందుకుంటావు. పచ్చాకు అల్లిన కర్ర. నాలుగైదు కిలోలు ఉంటుంది. పైకెత్తి రెండు కొసలూ పై వాసాల మీద ఆనించి, ముందు కర్రకు జానెడు ఎడం ఉండేట్టు జరుపుతావు. ఆకు జిగురు వేళ్లకు నల్లగా పేరుకుంది. కళ్లు మండుతున్నాయి. మళ్లీ వంగుతావు.

వెలిగండ్లకు కాస్త ఎడంగా, ఎర్రనేల చేని గట్టున ఉన్న పొగాకు బ్యారన్ ఇది. పదహారడుగుల పొడవు, పదహారడుగుల వెడల్పు. ఇటుక గోడలు, పైన రేకులు. లోపల ఈ గోడ నుంచి ఆ గోడకు సరుగుడు వాసాలు, ఒకదాని మీద ఒకటిగా ఐదు వరసలు. నేల మీద గోడల వెంట రేకు గొట్టాలు. బయట పొయ్యిలో కట్టె మండితే ఆ వేడి గొట్టాల గుండా లోపలంతా తిరుగుతుంది. పొగ మాత్రం ఆకును తాకదు.

సంక్రాంతికని మేడ్చల్ నుంచి వచ్చావు. "రెలుపులు అయ్యేదాకా ఉండరా, కూలోళ్లు దొరకడంలా," అని నాయన అంటే ఆగిపోయావు. ఈ సీజన్లో బ్యారన్ నింపడం ఇది మూడోసారి. తెల్లారుజామున మొక్కల నుంచి రెలిచిన ఆకు బయట పందిరి కింద కుప్పగా ఉంది. ఆడవాళ్లు వరసగా కూర్చుని కర్రలకు అల్లుతున్నారు. మధ్యాహ్నం భోజనాల లోపే ఒక గది, అంటే రెండు వాసాల మధ్య ఖాళీ, నిండింది. ఇప్పుడు రెండో గది. నువ్వు నిలబడ్డది రెండో వరస. కింద పదడుగుల లోతు.

ఎడమ కాలు కింద ఏదో తేడాగా ఉంది.

వాసం ఊగడం లేదు. కిర్రుమనలేదు. అరికాలికి మాత్రం తెలుస్తోంది. కుడి వాసం గట్టిగా ఎదురు నిలుస్తోంది. ఎడమది నీ బరువుకు కొంచెం తగ్గి, నువ్వు తేలికపడగానే మళ్లీ లేస్తోంది. పొద్దుటి నుంచీ ఇట్టాగే ఉందా? ఉండే ఉంటుంది. నువ్వు చూసుకోలేదు.

తల తిప్పి ఆ వాసం వెంట పడమటి గోడ దాకా చూస్తావు. వాసం నున్నగా మెరుస్తోంది. ఏళ్ల తరబడి కాళ్లు తొక్కి పాలిష్ పట్టిన నునుపు. పగులు లేదు, వంకర లేదు. గోడ దగ్గర కొస కన్నంలోకి పోయింది. ఆ కన్నం చుట్టూ కొత్త పూత. వేడి బయటికి పోకూడదని డిసెంబరులో నాయన సందులన్నీ పూయించాడు. తెల్లగా, శుభ్రంగా ఉంది.

ఆ తెలుపు మీద, వాసానికి పైవైపున, నెలవంక లాంటి గీత.

ఫోన్ తీసి లైటు వేస్తావు. గీత కాదు, సందు. గోరు దూరేంత సందు. బరువంతా కుడి కాలి మీదకు మార్చుకుంటావు. నెలవంక సన్నబడింది. ఎడమ కాలు మెల్లగా ఆనిస్తావు. లావెక్కింది.

పూత పూసేనాటికి వాసం పైన ఉండేది. ఆ తర్వాత దిగింది. గోడ లోపల, ఎవరికీ కనపడని చోట, దాని కింద ఆనుగా ఉన్నదేదో కరిగిపోతోంది.

"ఏందిరా ఆగావు?" బయటి నుంచి నాయన.

చేతిలోని కర్ర కొసతో కుడి వాసాన్ని కొడతావు. టంగుమంది. ఎడమ వాసాన్ని నడిమధ్య కొడతావు. అదీ టంగుమనే అంది. చెయ్యి చాచి గోడకు జానెడు దూరంలో కొడతావు. ఈసారి మోత రాలేదు. మెత్తగా, డొల్లగా, గోనెసంచిని తట్టినట్టు వచ్చింది. దాంతో పాటు కన్నంలోంచి పసుపు పొడి సన్నగా రాలి, కింద వేలాడే ఆకు మీద పడింది. పిండి లాంటి పొడి. పుప్పి.

కనపడని దెబ్బను వెతికే ఈ పని నీకు కొత్త కాదు. రెండేళ్లుగా చేస్తున్నదే, ఇనుము మీద.

మేడ్చల్ గోడౌన్లో ముప్పై అడుగుల ర్యాకులు. నిలువు స్తంభాలు, అడ్డ బీములు, వాటి మీద టన్నుల కొద్దీ ప్యాలెట్లు. ఒక రాత్రి షిఫ్టులో ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి తిరుగుతూ ఒక స్తంభాన్ని చీలమండ ఎత్తులో తాకింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. డ్రైవరు అటూ ఇటూ చూసి, దాని ముందు ఒక ప్యాలెట్ నెట్టి వెళ్లిపోయాడు. వారం తిరిగేసరికి ఎవరో దానికి నీలం రంగు వేశారు. స్తంభం కొత్తదానిలా అయింది. నెలల తర్వాత తనిఖీకి వచ్చిన మనిషి ఆ కొత్త రంగు చూసే ఆగాడు. మిగతా స్తంభాలన్నీ మాసి ఉంటే ఇదొక్కటే ఎందుకు మెరుస్తోంది?

ఆయన దగ్గర పెద్ద యంత్రాలేమీ లేవు. మీటరు పొడవు అల్యూమినియం బద్ద, టార్చి. బద్దను స్తంభానికి ఆనించి వెనక నుంచి లైటు వేశాడు. మధ్యలో వెలుగు కారింది. ముందు నుంచి వెనక్కి వంగితే మూడు మిల్లీమీటర్లు దాటకూడదు, పక్కకు వంగితే ఐదు. యూరప్ వాళ్ల ఈఎన్ 15635 నియమం అది. మూడు మిల్లీమీటర్లంటే ఎంత? రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. అంతేనా అని నువ్వు నవ్వబోయావు. ఆయన చీపురుపుల్ల ఒకటి తీసుకుని నేల మీద నిటారుగా నిలిపి వేలితో నొక్కాడు. ఓర్చుకుంది. గోటితో కాస్త వంచి మళ్లీ నొక్కాడు. ముడుచుకుపోయింది. ర్యాకు స్తంభం రేకును మడిచి చేసినదే. దాని బలమంతా తిన్నగా నిలబడటంలోనే ఉంది.

హద్దు దాటితే పసుపు: ఖాళీ అయ్యాక మళ్లీ నింపకూడదు, నాలుగు వారాల్లో మార్చాలి. హద్దుకు రెట్టింపు దాటితే ఎరుపు: ఆ క్షణమే సరుకు దించాలి. ఆ స్తంభానికి ఆయన ఎర్ర టేపు చుట్టాడు. అప్పటిదాకా దాని పక్కనే కూర్చుని మీరు టీ తాగేవాళ్లు.

ఇప్పుడు నీ దగ్గర ఎర్ర టేపు లేదు. నువ్వు ఆ వాసం మీదే నిలబడి ఉన్నావు.

"నాయనా, ఈ వాసం పోయింది."

నాయన తలుపు దగ్గరికొచ్చి తల పైకెత్తుతాడు. ఆయనకు కనిపించేది నున్నటి వాసం, తెల్లటి గోడ. "యాడ పోయింది? బాగానే ఉందిగా. నిరుడూ అదే వాసం. ఏమైంది?"

"కొస డొల్లయింది. గోడ లోపల."

"ఎండేకొద్దీ బరువు తగ్గుద్ది గదరా. ఈ బ్యారన్ ఎక్కించి దించినాక చూద్దాం."

ఆయన మాటలో తప్పు లేదు. పచ్చాకులో ఐదింట నాలుగు వంతులకు పైగా నీళ్లే. ఐదారు రోజుల కాపులో అదంతా ఆవిరై పోతుంది. కానీ ఆ లెక్కే తిరగేసి చూడు. ఈ వాసానికి అన్నిటికంటే బరువైన రోజు ఈ రోజే. నిండిన గదిలో ఈ వరస కర్రలు పాతిక. వాటి ఒక కొస ఈ వాసం మీదే ఉంది. అంటే సగం బరువు, యాభై అరవై కిలోలు. నీ గది కూడా నిండితే ఇంకో అరవై. వాటి మీద నువ్వు.

ఎండాక మాత్రం భయం లేదా? మొదట 90, 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఆకు పసుపు తిరుగుతుంది. 120, 130కి ఆకు ఎండుతుంది. ఈనె ఎండాలంటే చివర 160 దాకా పోవాలి. ఆ వేళకు లోపలున్నదంతా పెళపెళలాడే ఎండుటాకు. కింద కాలుతున్న రేకు గొట్టాలు. ఒక్క కర్ర జారి వాటి మీద పడితే చాలు. ఊళ్లో కాలిన బ్యారన్ల గురించి చెప్పేటప్పుడు ఎవరైనా మొదట అనే మాట, "గొట్టం మీద ఆకు పడింది." ఎందుకు పడిందో ఎవరూ చెప్పరు. చూపడానికి వాసం మిగిలి ఉండదుగా.

బ్యారన్ పోతే పోయేది ఇటుకలు మాత్రమే కాదు. పొగాకు బోర్డు లైసెన్సు బ్యారన్‌కే. ఈ ఏడు ఎంత పండించాలో బోర్డు చెప్పే లెక్కా బ్యారన్‌దే. అది లేకుండా కనిగిరి వేలంలో నాయన బేలు పెట్టలేడు.

ఇంకోపక్క, బయట కుప్ప ఉంది. పచ్చాకు కుప్పలో చెయ్యి పెడితే అప్పుడే వెచ్చగా ఉంది. రాత్రికి ఎక్కించకపోతే ఉడికి నల్లబడుతుంది. కూలి డబ్బులు ఎలాగూ ఇవ్వాలి. నాయన ముఖంలో ఇవన్నీ కనిపిస్తున్నాయి. ఆయన మొండివాడు కాడు. ఆయనకు ఇటుపక్క నష్టం కనిపిస్తోంది, అటుపక్కది కనిపించడం లేదు.

"అందుకో అల్లుడూ," అంటూ మామ కర్ర పైకెత్తాడు.

నువ్వు అలవాటుగా వంగావు.

వాసం దిగింది.

అంగుళం. అంతే. గోడలో ఏదో పుటుక్కుమంది. పూత పెచ్చు ఊడి గొట్టం మీద పడి టంగుమంది.

అందరూ ఆగిపోయారు.

పక్క గదిలో ఆకు ఒక్కసారి కదిలింది. పాతిక కర్రలు. ఒకవైపుకు ఒరిగాయి. ఆగాయి.

నీ చెయ్యి పైకి లేచింది. పై వాసం పట్టుకోవడానికి.

వద్దు.

పైన రెండు వరసల పచ్చాకు. దాన్ని పట్టుకుని వేలాడితే అదీ వస్తుంది. అది వస్తే దాని పైదీ వస్తుంది. గోడౌన్లో నీకు చూపిన వీడియో గుర్తుకొస్తుంది. ఇంగ్లాండులో హిన్‌స్టాక్ అనే ఊరు, 2016 మే నెల. ఒక ర్యాకు కదిలింది. పక్కది కదిలింది. క్షణాల్లో గోడౌన్ లోపలంతా కూలింది. ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు చీజ్ పెట్టెల కింద ఎనిమిది గంటలు ఉన్నాడు. బతికాడు. బ్రెజిల్‌లోని సావో లూయిస్‌లో, 2020 అక్టోబరు 2న, సూపర్‌మార్కెట్ అరలు అలాగే ఒకదాని వెంట ఒకటి పడ్డాయి. ఒకరు చనిపోయారు, ఎనిమిది మందికి దెబ్బలు తగిలాయి.

చెయ్యి దించు.

ముందు మామ.

"మామా, కర్ర వదిలెయ్. బయటికి పో."

"నువ్వు?"

"నువ్వు పో మామా!"

తువ్వాలు కదిలింది. తలుపు వెలుగులో ఒక నీడ. పోయాడు.

ఇప్పుడు నీ కింద ఎవరూ లేరు. గొట్టాలు ఉన్నాయి.

బరువు కుడికి. మెల్లగా. ఎడమ మడమ లేపు. వేళ్లు మాత్రం ఆనించు. నెలవంక సన్నబడటం లేదు. ఇక సన్నబడదు. వాసం కిందికే పోయింది. గోడ దాన్ని పట్టుకోలేదు. పూతే పట్టుకుంది.

దూకుతావా? పదడుగులు. గొట్టాల మధ్య చోటు అడుగున్నర. వద్దు.

ఎడమ కాలు తీసెయ్. తీసేశావు. రెండు కాళ్లూ కుడి వాసం మీద. కూర్చో. గుర్రం మీద కూర్చున్నట్టు. చెమట కళ్లలోకి. తుడుచుకోకు.

తూర్పుకు జరుగు. వాసం నడిమధ్య ఎక్కువ వంగుతుంది, గోడ దగ్గర తక్కువ. ఈ కుడి వాసం కొస మాత్రం బాగుందా? దాన్నీ గోడే మింగింది. టంగుమంది కదా. నమ్ము. జరుగు. ఒక మూర. ఇంకో మూర.

"నిచ్చెన!" నాయన గొంతు. ఇంతవరకు విననంత పెద్దగా.

నిచ్చెన తూర్పు గోడకు ఆనింది. కింద నాయన రెండు చేతులతో పట్టుకున్నాడు. కాలు చాచావు. మెట్టు తగలలేదు. మళ్లీ చాచావు. తగిలింది.

నేల.

కాళ్లు వణుకుతున్నాయి. ఎవరో బబుల్ నీళ్లు చెంబుతో ఇచ్చారు. తాగుతావు. కొంత మీద పోసుకుంటావు. ఆడవాళ్లు అల్లడం ఆపేశారు. ఒకావిడ "ఏమైందమ్మా?" అంటోంది, ఎవరూ జవాబు చెప్పడం లేదు.

వాసం ఇంకా పడలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది. పడిపోయి ఉంటే పని తేలిక. ఇప్పుడు పాతిక కర్రలు దాని మీద ఒక వైపు ఒరిగి వేలాడుతున్నాయి. ఎవరో ఒకరు లోపలికి పోవాలి.

గోడౌన్లో అయితే ఇలాంటి చోట పోటు పెట్టనివ్వరు. వంగిన స్తంభాన్ని సుత్తితో తిన్నగా చేయనివ్వరు, వెల్డింగు అసలే కుదరదు. అటుపక్కా ఇటుపక్కా గదులు మూసేసి, సరుకు దించి, కొత్తది వేస్తారు. అది కొలిచి చేసిన వస్తువు. ఇది నాయన, ఆయన నాయన కలిసి కట్టింది. ఇక్కడ పోటే దిక్కు. మామ చిల్లకంపల వాము వెనక నుంచి పొడవాటి సరుగుడు కర్ర లాక్కొచ్చాడు. తలుపు దగ్గర నిలబడే, ముగ్గురూ కలిసి దాన్ని లోపలికి ఏటవాలుగా నెట్టి, కింద కొస రాయికి తన్ని, పై కొసను వాసం కింద, గోడకు మూరెడు ఇవతల తగిలించారు. మామ ఒక్కో చిన్న దెబ్బ కొడుతుంటే పోటు బిగుసుకుంది. వాసం వేలెడు పైకి లేచింది. పక్క గది ఆకు మళ్లీ కదిలి, సర్దుకుంది.

ఇక దించడం. కింది వరస ముందు, తర్వాత పైది. గది అవతలి వైపు మంచి వాసం పక్కన నిచ్చెన వేసి నువ్వే ఎక్కావు. నాయన వద్దనలేదు. కర్ర తర్వాత కర్ర బయటికి పోయి పందిరి కింద గుంజలకు వేలాడుతోంది. పొద్దు వెలిగొండల వైపు దిగింది. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో నాయన ఒక్క మాట మాట్లాడలేదు.

చివరికి వాసం ఒక్కటే మిగిలింది. మామ తూర్పు కొస పట్టుకుని లాగాడు. పడమటి కొస తేలిగ్గా, పుల్ల మాదిరి వచ్చేసింది. రెండడుగుల పొడవునా పైతొక్క తప్ప ఏమీ లేదు. లోపల పసుపు పొడి, చెద మట్టి. నాయన దాన్ని చేత్తో పట్టుకుని నొక్కాడు. అప్పడం నలిగినట్టు నలిగింది. మిగతా పద్నాలుగు అడుగులూ ఉక్కు లాంటి కర్ర.

కన్నంలో వేలు పెట్టి చూశావు. తడి. పైన రేకు మేకు దగ్గర చిల్లు, అక్కడి నుంచి గోడ లోపలి మీదుగా ఒక నల్లటి చార, దాన్ని కూడా పూత కప్పేసింది. వాన పడ్డప్పుడల్లా నీళ్లు ఇక్కడికే వచ్చేవి. కాపు పెట్టినప్పుడల్లా ఆ తడి వెచ్చబడేది. చెదకు ఇంతకంటే మంచి ఇల్లు ఎవరు కట్టిస్తారు?

కొత్త వాసం పాత పశువుల కొట్టం నుంచి వచ్చింది. దాని కొసలకు నాయన వేపనూనె పూశాడు. కన్నంలో దాని కింద ఇటుక ముక్క కూరాడు. చుట్టూ పూయలేదు. వేడి కొంచెం బయటికి పోతే పోతుంది, సందు మాత్రం కనిపిస్తూ ఉండాలి. ఆయనే అన్నాడు ఆ మాట.

చీకటి పడింది. బల్బు వేశారు. ఆడవాళ్లు ఇద్దరు ఆగారు, మిగతావాళ్లు వెళ్లిపోయారు. కుప్పలో మిగిలిన ఆకు మీద తడి గోనెలు కప్పారు. పొయ్యి ఈ రాత్రే వెలిగించాలి, తెల్లవార్లూ ఒకరు మేలుకోవాలి. ఇట్టా వేడితో బంగారు రంగు ఆకు తీసే పద్ధతి ఒక నిద్ర నుంచే పుట్టిందని చెబుతారు. 1839లో, అమెరికాలోని ఉత్తర కరోలినాలో, స్టీఫెన్ అనే బానిస కాపు దగ్గర కునుకు తీశాడట. లేచేసరికి నిప్పు చల్లారబోతోంది. కంగారులో కొలిమి బొగ్గులు ఎగదోస్తే, ఒక్కసారి లేచిన వేడికి ఆకు మెరిసే పసుపుకు తిరిగింది. ఆయనకు నిద్ర కలిసొచ్చింది. నీకు ఈ రాత్రి అట్టాంటి అదృష్టం అక్కర్లేదు.

"ఎక్కిద్దామా?" అంటాడు మామ.

నువ్వు గోడల వైపు చూస్తున్నావు. ఒక్కో వరసకు ఐదు వాసాలు. ఐదు వరసలు. ఇరవై ఐదు వాసాలకు యాభై కొసలు. ఇవాళ చూసింది ఒక్కటి. మిగతా నలభై తొమ్మిదీ ఆ తెల్లటి పూత వెనకే ఉన్నాయి.

నాయన బోరు మోటారు స్పానరు తెచ్చాడు. నిచ్చెన తనే వేసుకుని, తనే ఎక్కాడు. గోడకు జానెడు ఇవతల తట్టాడు. టంగ్. పక్కది. టంగ్. నువ్వు కింద నిలబడి టార్చి పడుతున్నావు. ఆయన తల కాస్త వంచి, చెవి కర్ర వైపు పెట్టి వింటున్నాడు. వేలంలో ఆకు పట్టుకుని చూసేటప్పుడు కూడా ఆయన ముఖం ఇట్టాగే ఉంటుంది.

టంగ్. టంగ్. టంగ్.

ఉత్తరపు మూల, నాలుగో వరస. తట్టాడు. ఆగాడు. మళ్లీ తట్టాడు.

ఏమీ అనకుండా స్పానరు నీ చేతికి అందించాడు.